విత్తనానికి కర్తలెవరు?
గోదావరి వరి చరిత్ర, జన్యుక్రమ పఠనం

డెల్టా చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది రెండు పేర్ల చుట్టూ తిరిగారు. ఒకటి రాజరాజ నరేంద్రుడు, రెండు కాటన్ దొర. మొదటి పేరు కింద నన్నయ భారతం, రెండో పేరు కింద ధవళేశ్వరం ఆనకట్ట వచ్చి చేరతాయి. నందన కరువులో తిండి లేక చనిపోయిన జనం, 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట పనిలో రాళ్లు మోసిన కూలీలు ఆ పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకరు. ఆ ఒకటి రెండు వాక్యాలు కూడా దక్కని పాత్ర మరొకటి ఉంది. అది వరి విత్తనం. ఆనకట్ట నీరు తెచ్చింది, నిజమే. ఆ నీటిని అన్నంగా మార్చింది విత్తనమూ, దాన్ని ఎంచి, దాచి, ఊడ్చి, కోసిన మనుషుల శ్రమా.

విత్తనానికి చరిత్ర ఉందన్న సంగతి మన ముసలి రైతులకు ఎప్పుడూ తెలుసు. ఐతే ఆ చరిత్రను అక్షరాల్లో చదివే సాధనం మనిషి చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. దాన్ని జన్యుక్రమ పఠనం అంటున్నాం. ప్రయోగశాలల వాడుకలో సీక్వెన్సింగ్. దీని గురించి మన పత్రికల్లో రెండు రకాల వ్యాసాలు కనిపిస్తాయి. ఒక రకం వ్యాసాలు ఇక ఆకలీ రోగమూ ఉండవని భరోసా ఇస్తాయి. రెండో రకం వ్యాసాలు ప్రయోగశాల నుంచి వచ్చిన ప్రతిదీ విదేశీ కంపెనీల కుట్ర అని తేల్చేస్తాయి. ఈ రెండు వాదాలదీ ఒకే లోపం. రెండూ సాధనాన్ని దాని వెనక ఉన్న మానవ సంబంధాల నుంచి విడదీసి చూస్తున్నాయి. గోదావరి డెల్టాలో పుట్టిన స్వర్ణ అనే వరి రకం చరిత్రను ఆధారం చేసుకుని, ఈ చదువు ఎవరు ఎవరి కోసం చదువుతున్నారన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

సాహిత్య విద్యార్థికి జన్యుక్రమ పఠనం గురించి చెప్పడానికి జీవశాస్త్రం పాఠ్యపుస్తకం అంతగా అవసరం లేదు. తాళపత్ర ప్రతుల సంగతి తెలిస్తే చాలావరకు సరిపోతుంది. నన్నయ స్వయంగా రాయించిన భారతం ప్రతి మనకు దొరకలేదు. దొరికినవన్నీ ప్రతులకు ప్రతులు. ఒక లేఖకుడు ఒక అక్షరం జారవిడిచాడు, మరొకడు ఒక పాదం రెండుసార్లు రాశాడు, ఇంకొకడు తెలియని మాటకు బదులు తెలిసిన మాట పెట్టాడు. కొంతకాలం రాజమహేంద్రవరంలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ పండితుల చేత చేయించిన పని ఈ ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చడమే. పాఠాంతరాలను పోల్చినప్పుడు సరైన పాఠం తేలడంతో పని ఆగదు. ఏ ప్రతి ఏ ప్రతి నుంచి పుట్టింది, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ప్రయాణించింది అన్నది కూడా బయటపడుతుంది.

జీవకణంలో డి.ఎన్.ఎ. అలాంటి ప్రతే. దాని లిపికి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. వరి మొక్క ప్రతి కణంలో పన్నెండు జతల క్రోమోజోములు ఉంటాయి. ఒక్కో జతలో ఒక్కో దాన్ని తీసుకుని వాటిలోని అక్షరాలన్నీ కూర్చితే దాదాపు 39 కోట్లు. కణం రెండుగా చీలినప్పుడల్లా ఈ గ్రంథం తిరిగి రాయబడుతుంది. రాసినప్పుడల్లా ఎక్కడో ఒక అక్షరం మారే అవకాశం ఉంది. మారిన వాటిలో చాలావాటి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్ని మొక్కను చంపుతాయి. ఏవో కొన్ని, ఒకానొక పరిస్థితిలో, మొక్కను బతికిస్తాయి. అక్షరాల వరుసను చదివి, ఒక రకానికీ మరో రకానికీ మధ్య పాఠాంతరాలు గుర్తించడమే జన్యుక్రమ పఠనం.

ఐతే ఈ ఉపమానం ఒక హద్దు దాటి పనిచెయ్యదు. కావ్యానికి కవి ఉద్దేశం ఉంది. ప్రకృతికి ఉద్దేశం లేదు. అక్షరం మారడం కేవలం యాదృచ్ఛికం. మారిన అక్షరం నిలబడిందా లేదా అన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. అడవి గడ్డిలో దాన్ని నిలబెట్టేది ప్రకృతి, పంటచేలో నిలబెట్టేది మనిషి. ఏ కంకి గింజలను విత్తనానికి దాచాలో, ఏ గింజలను దంచి వండుకోవాలో నిర్ణయించిన చేతులు వేల ఏళ్లుగా ఈ గ్రంథాన్ని పరిష్కరిస్తూ వచ్చాయి. ఆ చేతుల్లో చాలా భాగం స్త్రీలవి, కూలీలవి. వాళ్లెవరూ సంతకం చెయ్యలేదు.

2

మార్టేరులో వరి పరిశోధనా కేంద్రం 1925లో మొదలైంది. అది మద్రాసు ప్రభుత్వ కాలం. తొలి దశాబ్దాల్లో అక్కడ జరిగిన పనిలో ముఖ్యమైనది, రైతుల చేలల్లో ఉన్న రకాలను సేకరించడం, మంచి దుబ్బును ఏరి, దాని గింజలను విడిగా పెంచి, బెరుకులు తీసేసి, స్వచ్ఛమైన రకంగా నిలబెట్టడం. కోస్తా రైతులు అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆత్రగడ అని పిలుచుకున్న రకాలు ఎన్నో ఉండేవి. కేంద్రం విడుదల చేసిన రకాలకు ఎం.టి.యు. అనే గుర్తు, దాని పక్కన ఒక అంకె వచ్చాయి. ఎం.టి.యు. అంటే మార్టేరే.

పేరు పోయి అంకె రావడంలో లాభం ఉంది. అంకె ఉన్న విత్తనం ఈ ఊళ్లో ఎలా పండుతుందో పక్క ఊళ్లోనూ దాదాపు అలాగే పండుతుంది; రైతుకు నమ్మకం దొరుకుతుంది. నష్టమూ ఉంది. పేరులో రంగు, రుచి, నేల, ఋతువు, ఒక్కోసారి ఊరు కూడా ఉండేవి. అంకెలో ఇవేవీ మిగలవు. జానపద గేయాన్ని సేకరించి, సంఖ్య వేసి, పాడిన మనిషి పేరు రాయని సంకలనకర్తలు మనకు తెలుసు. విత్తనం విషయంలోనూ అదే జరిగింది.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్. 8 విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించారు. ఆ మొక్క పొట్టిది. ఎరువు ఎంత వేసినా కంకి బరువుకు చేను పడిపోదు. ఆ పొట్టితనం తైవాన్‌లోని ఒక పాత రకం నుంచి వచ్చిందని అప్పటికే తెలుసు. ఎందుకు పొట్టి అన్నది మాత్రం 2002లో గాని తెలియలేదు. మొక్క ఎదుగుదలకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని తయారుచేయించే జన్యువులో దాదాపు 380 అక్షరాల ముక్క ఎగిరిపోయింది. ఒక లేఖక దోషం, పేరు తెలియని తైవాన్ రైతులు పోనివ్వకుండా దాచిన దోషం, ఆసియా అంతటా హరిత విప్లవానికి పునాది అయింది.

హరిత విప్లవం గురించి మన అభ్యుదయ రచయితలు చాలా రాశారు. దిగుబడి పెరిగింది. దానితోపాటు ఎరువుల ఖర్చు, పురుగుమందుల ఖర్చు, అప్పు, సుడిదోమ పెరిగాయి. పెద్ద రైతుకు దక్కిన లాభం కౌలుదారుకు దక్కలేదు. ఈ విమర్శ సరైనదే. కానీ అదే కాలంలో డెల్టాలో మరో కథ కూడా నడిచింది. అది సాహిత్యంలోకి రాలేదు.

1950లలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పథకం కింద, ఆసియా దేశాల రకాలను జపనీస్ తరహా రకాలతో సంకరం చేశారు. మలయా రకం మయాంగ్ ఎబోస్, తైవాన్ రకం తైచుంగ్ 65 కలిసిన సంతానం నుంచి మలేసియాలో మసూరి వచ్చింది. అక్కడ 1965లో విడుదలైంది. తరువాత అది మన దేశం చేరింది. చేను పడిపోతోందన్న కారణంతో ఇక్కడి అధికారిక పరీక్షల్లో దాన్ని పక్కన పెట్టారనీ, ఆంధ్ర ప్రాంతపు ఒక వ్యవసాయ కూలీ కొన్ని గింజలు తీసుకుపోయి పెంచితే చేనుకు చేను ఎక్కి దేశమంతా పాకిందనీ వ్యవసాయ పరిశోధన సాహిత్యంలో ఒక కథనం ఉంది. ఆ కూలీ పేరు ఆ కథనంలో లేదు. శాస్త్రజ్ఞుడి తూకంలో తేలిపోయిన గింజ అన్నం వండుకునే మనిషి తూకంలో ఎందుకు నిలబడిందో ఆలోచించాలి. శాస్త్రజ్ఞుడు ఎకరాకు ఎన్ని బస్తాలని చూశాడు. కూలీ అన్నం ఎలా ఉంటుంది, గడ్డి ఎంత వస్తుంది, ఎరువు కొనలేనివాడికి కూడా పండుతుందా అని చూశాడు.

ఆ మసూరిని వశిష్ట అనే రకంతో సంకరం చేసి మార్టేరు శాస్త్రజ్ఞులు 1982లో విడుదల చేసిన రకమే స్వర్ణ, ఎం.టి.యు. 7029. తక్కువ ఎరువుతోనూ నమ్మకంగా పండే గుణం దానికి పేరు తెచ్చింది. డెల్టా సార్వా పంటగా మొదలై ఒరిస్సా, పశ్చిమ బెంగాల్, బీహారు, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు పాకింది. అధికారిక విడుదల ఏదీ లేకుండానే సరిహద్దు దాటి బంగ్లాదేశ్ రైతుల చేలల్లోకి వెళ్లింది. తూర్పు భారతంలో కోట్లమంది పేదలు తిన్న అన్నం మీద పశ్చిమ గోదావరిలోని ఒక చిన్న ఊరి ముద్ర ఉందనడంలో అతిశయోక్తి లేదు.

3

స్వర్ణకు ఒక బలహీనత ఉంది. ముంపు.

వరి నీటిలో పెరిగే పంట గనుక నీటికి చావదని పట్నవాసులు అనుకుంటారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. అలాంటి ఏడు చేలను చూసినవాళ్లకు నిజం తెలుసు. మొక్క నిండా మునిగినప్పుడు ఊపిరి కోసం పైకి ఎదగాలని ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలో లోపల దాచుకున్న శక్తి అంతా ఖర్చు చేసుకుంటుంది. వారం, పది రోజులకు నీరు తీసేసరికి లేచి నిలబడే సత్తువ ఉండదు, కుళ్లిపోతుంది.

ఒరిస్సాలో రైతులు ధాలపుటియా అని పిలుచుకున్న పాత రకం ఒకటి ఇందుకు భిన్నంగా ప్రవర్తించేది. మునిగినప్పుడు ఎదుగుదల ఆపేసి, శక్తిని దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురించేది. దాని నుంచి ఏరిన స్వచ్ఛమైన రకానికి శాస్త్రజ్ఞులు ఎఫ్.ఆర్. 13ఎ అని పేరు పెట్టారు. వరదను తట్టుకునేది అని ఆ ఇంగ్లీషు అక్షరాల అర్థం. దిగుబడి తక్కువ కాబట్టి దాన్ని నేరుగా పండించి లాభం లేదు. మామూలు సంకరంతో ఆ గుణాన్ని మంచి రకాల్లోకి తేవాలని ఎన్నో ఏళ్లు ప్రయత్నించారు. గుణంతోపాటు వద్దనుకున్న లక్షణాలు కూడా వచ్చేవి. ఒక పద్యం కావాలంటే పుస్తకమంతా మోసుకు రావలసి వచ్చినట్టు.

జన్యుక్రమ పఠనం ఇక్కడ పనికొచ్చింది. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ ఆ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఒక చోట ఉందని గుర్తించారు. 2006లో, పమేలా రోనాల్డ్ బృందం కూడా కలిసి, ఆ చోటి అక్షరాలను చదివి సబ్-1ఎ అనే జన్యువును పట్టుకున్నారు. చాలా వరి రకాల్లో ఆ భాగం అసలు లేదు, లేదా మరో పాఠంతో ఉంది. చోటు తెలిశాక పని తేలికైంది. స్వర్ణతో సంకరం చేసి, వచ్చిన పిల్ల మొక్కలను నారుదశలోనే పరీక్షించి, ఆ భాగం ఉన్నవాటినే ఉంచుకుని, మళ్లీ మళ్లీ స్వర్ణతో కలిపారు. ఈ పనిని వివరించిన 2007 నాటి పరిశోధనా పత్రం మొదటి రచయిత్రి, హైదరాబాదు వరి పరిశోధనా సంస్థకు చెందిన సి.ఎన్. నీరజ. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశంలో విడుదలైంది. 2010లో బంగ్లాదేశ్‌లో మరో పేరుతో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా అది చాలావరకు తేరుకుంటుంది.

ఇందులో బయటి జీవి జన్యువును చొప్పించడం ఏమీ లేదు. వరికి వరికి మధ్య సంకరమే. ఐతే కళ్లు తెరిచి చేసిన సంకరం. పురుగును చంపే బాక్టీరియా జన్యువును పెట్టిన పత్తి విత్తనాన్నీ దీన్నీ ఒకే గాట కట్టడం విమర్శ అనిపించుకోదు.

మన దృష్టిలో దీనికి మరో ప్రాముఖ్యం ఉంది. ఒరిస్సా గ్రామాల్లో జరిపిన ఒక క్షేత్ర పరిశోధన 2013లో ప్రచురితమైంది. పది రోజుల ముంపు వచ్చిన చేలల్లో ఈ రకం మామూలు స్వర్ణ కంటే 45 శాతం ఎక్కువ పండిందని అందులో తేలింది. ఎక్కువ మేలు షెడ్యూల్డు కులాల రైతులకు జరిగే అవకాశం ఉందనీ తేలింది. కారణం విత్తనానికి వాళ్ల మీద ప్రేమ కాదు. ఊళ్లో మెరక భూములు పై కులాలవి, ముంపు భూములు దళితులవి. నీరు ముందు ఎవరి చేను ముంచుతుందో కులం నిర్ణయించింది. విత్తనంలో ఒక పాఠాంతరం ఆ అన్యాయాన్ని కొంత తగ్గించగలదని ఆ లెక్క చెబుతోంది. రద్దు చెయ్యలేదు, తగ్గించగలదు. అభ్యుదయవాదులు విజ్ఞానశాస్త్రాన్ని ఎందుకు వదులుకోకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

4

ఇక హక్కుల ప్రశ్న. చదివినవాడే గ్రంథానికి యజమాని అవుతాడా?

వరి జన్యుక్రమం చదవడానికి జపాన్ నాయకత్వంలో పది దేశాల ప్రభుత్వ సంస్థలు చేతులు కలిపాయి. మన దేశం పదకొండో క్రోమోజోములో ఒక భాగం చదివింది. అదే కాలంలో రెండు పెద్ద విత్తన కంపెనీలు వేరువేరుగా పందెంలోకి దిగాయి. మోన్‌శాంటో 2000లో తన చిత్తు ప్రతిని ప్రకటించింది. 2002లో సింజెంటా తన ప్రతిని శాస్త్ర పత్రికలో ప్రకటించినా, అక్షరాలను అందరికీ తెరిచిన భాండాగారంలో పెట్టకుండా షరతులతో తన దగ్గరే ఉంచుకుంది. దీని మీద శాస్త్రజ్ఞుల్లో పెద్ద దుమారం రేగింది. చివరికి రెండు కంపెనీలూ తమ సమాచారాన్ని ఉమ్మడి ప్రయత్నానికి ఇచ్చాయి. 2005లో సంపూర్ణ పాఠం ప్రజలందరి ఆస్తిగా ప్రచురితమైంది. తరువాత 2014లో మూడు వేల వరి రకాల జన్యుక్రమాలు ఎవరైనా చదువుకునేలా విడుదలయ్యాయి. ప్రభుత్వ పరిశోధన లేకపోతే ఈ గ్రంథాలయం తలుపులకు తాళం ఉండేది.

తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన సమానత్వం వచ్చేసినట్టు కాదు. ఇందుకు మరో తెలుగు రకం సాక్ష్యం. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, బి.పి.టి. 5204, మనం పెళ్లిభోజనాల్లో తినే సన్నన్నం. దానికి బాక్టీరియా ఎండుతెగులు శాపం. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధనా సంస్థ కలిసి, తెగులును ఎదిరించే మూడు జన్యువులను సంకరం ద్వారా దానిలోకి తెచ్చి 2008లో విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటైన ఎక్స్ఎ21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. 1995లో దాని అక్షరాలు చదివిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. మాలి ప్రజలకు ఏమిటి దక్కాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, మూల దేశాల విద్యార్థులకు సాయపడేందుకు 1996లో అక్కడే ఒక నిధి పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ హక్కుగా రావలసినది దానంగా రావడంలోనే ఉంది అసలు చిక్కు.

మన దేశంలో 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఈ విషయంలో కొంత ముందడుగు. బ్రాండు పేరు పెట్టకుండా విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఉందని ఆ చట్టం 39వ సెక్షన్ ఒప్పుకుంది. తరతరాలుగా రకాలను కాపాడిన జనసమూహాలకు గుర్తింపు ఇవ్వాలని కూడా చెప్పింది. చట్టంలో ఉన్న హక్కు ఊరిదాకా రావడం వేరే పోరాటం.

2025 మే 4న భారత వ్యవసాయ పరిశోధనా మండలి రెండు కొత్త వరి రకాలను ప్రకటించింది. ఇవి సంకరంతో వచ్చినవి కావు. చదివిన గ్రంథంలో కావలసిన చోట అక్షరాన్ని కత్తిరించి దిద్దే క్రిస్పర్ పద్ధతిలో తయారైనవి. ఒకటి సాంబ మసూరిని దిద్ది చేసిన కమల. రెండోది ఎం.టి.యు. 1010ని దిద్ది చేసిన పూసా డి.ఎస్.టి. రైస్ 1. ఎం.టి.యు. 1010 మన మార్టేరుదే, 2000లో విడుదలైంది, దాని పేరు కాటన్ దొర సన్నాలు. ఆనకట్ట కట్టించిన దొర పేరు గింజకు దక్కింది, గింజను తరతరాలుగా కాపాడినవాళ్ల పేరు దేనికీ దక్కలేదు. రెండో రకం ఉప్పు నేలను తట్టుకుంటుందని మండలి చెబుతోంది. సముద్రం దగ్గరి శివారు ఆయకట్టు రైతుకు అది నిజమైతే గొప్ప మేలు. ఐతే బయటి జన్యువు చేర్చని ఇలాంటి రకాలకు 2022లోనే ప్రభుత్వం జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. క్రిస్పర్ సాధనం మీద పేటెంట్లు విదేశీ సంస్థల దగ్గర ఉన్నాయి. పరీక్షల వివరాలన్నీ బయటపెట్టాలని రైతు హక్కుల వేదికలు అడుగుతున్నాయి. అడగడం విజ్ఞాన వ్యతిరేకత కాదు. కొత్త పరిష్కరణ వెలువరించిన పండితుణ్ణి ఏ ప్రతులు చూశావని అడగడం మన శాస్త్రంలో మామూలు మర్యాద.

5

చేలో ఉపయోగపడిన చదువే ఆసుపత్రిలోనూ ఉపయోగపడుతుంది. మన ప్రభుత్వాసుపత్రుల్లో క్షయ రోగి కఫాన్ని సి.బి.నాట్ యంత్రంలో పెడితే, క్షయ క్రిమి ఉందా, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా అన్నది దాదాపు రెండు గంటల్లో తెలుస్తుంది. ఆ యంత్రం క్రిమి గ్రంథమంతా చదవదు. మందును ఓడించే పాఠాంతరాలు వచ్చే ఒక్క చోటును తడిమి చూస్తుంది. లొంగని మందును నెలల తరబడి మింగి, ఇంటిల్లిపాదికీ రోగం అంటించే దుస్థితి అంతమేరకు తప్పుతుంది.

కరోనా కాలంలో ఈ చదువు వీధిలోకి వచ్చింది. ఆ వైరస్ గ్రంథం చిన్నది, 30 వేల అక్షరాలు. 2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు దాన్ని చదివి లోకానికి విడుదల చెయ్యడం వల్లనే అన్ని దేశాల్లోనూ పరీక్షలు, టీకాలు అంత త్వరగా తయారయ్యాయి. అదే ఏడు డిసెంబరులో మన ప్రభుత్వం జన్యుక్రమ పఠనానికి పది ప్రయోగశాలల కూటమిని ఏర్పరచింది. అందులో రెండు, సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి., హైదరాబాదువి.

2021 మే మొదట్లో జరిగిన ఒక ఉదంతాన్ని సాహిత్య విమర్శకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. దక్షిణాదిలో కనిపించిన ఎన్440కె అనే ఒక అక్షర మార్పుకు పత్రికలు, టెలివిజన్లు ఆంధ్రా వేరియంట్ అని పేరు పెట్టాయి. అది మామూలు వైరస్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని ప్రచారం చేశాయి. కణాల మీద ప్రయోగశాలలో చేసిన పరిశీలనకూ, ఊళ్లో జనం మధ్య వ్యాధి వ్యాపించే తీరుకూ ఉన్న తేడాను ఎవరూ పట్టించుకోలేదు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు విడిగా ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ పాఠాంతరం అప్పటికే తగ్గిపోతోందనీ, దాని స్థానాన్ని వేరే రకం ఆక్రమిస్తోందనీ సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చెప్పవలసి వచ్చింది. సగం చదివిన పాఠం ఒక ప్రాంతపు మనుషుల మీద నిందగా మారింది. మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రకాలకు దేశాల పేర్లు, ఊళ్ల పేర్లు వాడకుండా గ్రీకు అక్షరాలు పెట్టింది. అసలు చంపుతున్న రకానికి డెల్టా అని పేరు వచ్చింది. ఆ గ్రీకు అక్షరం ఆకారాన్ని బట్టే మన లంకల సీమకూ ఆ పేరు. మన ప్రాంతంలో అంతవరకు పంట అన్న అర్థంలో వినిపించిన మాట ఆ ఏడు చావు అన్న అర్థంలో వినిపించింది.

వైరస్‌ను చదవడం తెలిసిన దేశంలో ఆక్సిజన్ సిలిండరు కోసం జనం పరుగులు తీశారు. చదువుకు లోటు రాలేదు. మంచాలకు, నర్సులకు, గాలికి లోటు వచ్చింది. ఆసుపత్రి లేనిచోట జన్యుక్రమం చనిపోయినవాడికి ఏ వ్యాధి వచ్చిందో చెప్పే మరణ ధ్రువపత్రంగానే మిగులుతుంది.

6

చేలోనూ ఇదే వైరుధ్యం. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో ఊడ్పులు మానేసి పంట విరామం ప్రకటించారు. అప్పటికి స్వర్ణ వచ్చి 29 ఏళ్లు. ముంపును తట్టుకునే స్వర్ణ కూడా వచ్చింది. రైతుకు విత్తనం దొరక్క చేలు బీడు పడలేదు. గిట్టుబాటు ధర లేదు. పూడిపోయిన మురుగు కాలువలు బాగుచేసే దిక్కు లేదు. పండిన ధాన్యం దాచుకునే చోటు లేదు. కారణాలు విచారించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ముంపును తట్టుకునే జన్యువును తొమ్మిదో క్రోమోజోము మీద వెతికి పట్టుకోవడం సాధ్యమైన కాలంలో, ముంపు నీరు బయటికి పోయే కాలువలో పూడిక తియ్యడం సాధ్యం కాలేదు. దీన్ని సాంకేతిక లోపం అనగలమా?

కౌలు రైతు పరిస్థితి మరీ స్పష్టం. అదే 2011లో రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని చట్టం వచ్చింది. 2019లో మరో చట్టం వచ్చింది. ఈ రెండు చట్టాల తరువాత కూడా భూయజమాని సంతకం పెట్టడానికి జంకితే కౌలుదారు బ్యాంకు గుమ్మం ఎక్కలేడు. మంచి విత్తనం వల్ల ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ పండితే, వచ్చే ఏడు కౌలు రెండు బస్తాలు పెరుగుతుంది. విత్తనంలోని పాఠాంతరం దిగుబడిని నిర్ణయించగలదు, ఆ దిగుబడి ఎవరి గాదెకు చేరాలో నిర్ణయించలేదు. దాన్ని నిర్ణయించేవి ఉత్పత్తి సంబంధాలు.

మరో ప్రమాదాన్ని కూడా చెప్పాలి. ఒకే రకం లక్షల ఎకరాలు ఆక్రమించినప్పుడు, దాన్ని ఓడించే ఒక్క తెగులు వస్తే చాలు. ఆ రోజున మనల్ని ఆదుకునేది ఏదో మూల ఊళ్లో ఎవరో పేదరైతు ఇంకా విత్తుతున్న పాత రకమే. ధాలపుటియా అలాగే ఆదుకుంది. శీతల గిడ్డంగిలో దాచిన గింజ చదవడానికి పనికొస్తుంది గాని, మారుతున్న నేలతో, వానతో, పురుగుతో కలిసి తాను మారడం మానేస్తుంది. తాళపత్రం భద్రంగా ఉండి, చదివే సంప్రదాయం నశించినట్టు.

7

మరి రచయితలకు ఇందులో ఏమిటి పని?

మన కథల్లో నేల ఉంది, నీరు ఉంది, అప్పు ఉంది, వలస ఉంది. విత్తనం చాలావరకు నేపథ్యంలోనే ఉండిపోయింది. మసూరి గింజలు మూటగట్టుకుపోయిన కూలీ మీద ఒక నవల రాయవచ్చు. ఆ పని చెయ్యడానికి రచయిత జీవశాస్త్రజ్ఞుడు కానక్కర్లేదు. కానీ జన్యువు అంటే ఏమిటో, సంకరానికీ జన్యుమార్పిడికీ తేడా ఏమిటో, చదవడానికీ దిద్దడానికీ తేడా ఏమిటో తెలియకుండా రాస్తే, ఆరాధనో భయమో తప్ప సాహిత్యం రాదు. వస్తువు తెలియని వస్తువాదం వల్ల ప్రయోజనం లేదు.

తెలుగు బోధించేవాళ్లకు, తెలుగు చదివేవాళ్లకు ఒక పని సూచిస్తాను. మన విద్యార్థులు జానపద గేయాలు, సామెతలు, మాండలిక పదాలు సేకరించి సిద్ధాంత వ్యాసాలు రాస్తున్నారు. అదే శ్రద్ధతో రెండు గోదావరి ప్రాంతాల ఊళ్లల్లో ముసలి రైతులను, ఊడ్పులకు వెళ్లిన స్త్రీలను, పాలేర్లను కలిసి పాత వరి రకాల పేర్లు రాసుకోవాలి. ఏ రకం ఏ నేలకు వేసేవారు, ఏ పండక్కి వండేవారు, విత్తనం ఎవరి దగ్గర తెచ్చుకునేవారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అడగాలి. చెప్పినవాళ్ల పేరు, ఊరు కూడా రాయాలి. ఆ జాబితా మార్టేరు శాస్త్రజ్ఞుల దగ్గరి అంకెలతో పోల్చి చూస్తే, ఏ అంకె వెనక ఏ పేరు ఉందో కొంతైనా తేలుతుంది. ఆ ముసలివాళ్లు పోకముందే ఈ పని మొదలు కావాలి.